వాఁడు ఎక్కడున్నాడు? – ‘నల్లనివాఁడు’ పద్యం నడక, ప్రాస, పునరుక్తి

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క పద్యమే చూద్దాం. నాలుగు పాదాలు, ఎనభై అక్షరాలు. మీలో చాలామందికి ఇది నోటికి వచ్చే ఉంటుంది. నోటికి వచ్చిన పద్యంతో ఒక చిక్కుంది: నాలుక జారుకుంటూ పోతుంది, చెవి ఎక్కడా ఆగదు. అందుకని నెమ్మదిగా చదువుతాను.

నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు కృపారసంబు పైఁ
జల్లెడువాఁడు మౌళిపరిసర్పితపింఛమువాఁడు నవ్వు రా
జిల్లెడు మోమువాఁ డొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె నో
మల్లియలార! మీ పొదలమాటున లేఁడుగదమ్మ! చెప్పరే!

పోతన భాగవతం, దశమ స్కంధం. శరద్రాత్రి యమున ఒడ్డున గోపికల మధ్య నుంచి కృష్ణుడు మాయమయ్యాడు. వాళ్లు చెట్టునీ పుట్టనీ అడుగుతూ తిరుగుతున్నారు. అర్థం పెద్ద కష్టం కాదు. నల్లనివాడు, తామర కన్నులవాడు, దయ చిలకరించేవాడు, తల మీద నెమలిపింఛం ఊగేవాడు, నవ్వు వెలిగే ముఖంవాడు ఒకడు ఆడవాళ్ల మానమనే సొత్తు పట్టుకొచ్చేశాడు; మల్లెల్లారా, మీ పొదల మాటున లేడు కదమ్మా, చెప్పరూ అని. భక్తి పద్యంగా దీన్ని చదివేవాళ్లున్నారు, చదవాలి కూడా. నేను ఇవాళ దీన్ని ప్రేమ పద్యంగా చదువుతాను. సొత్తు పోయినవాళ్లు దొంగ ఆనవాళ్లు చెబుతున్నారు, ఆ ఆనవాళ్లన్నీ మురిపెంగా ఉన్నాయి. ఆ మురిపెం మాటల అర్థంలో ఉన్నదానికంటే ఆ మాటలు కూర్చున్న చోటులో ఎక్కువ ఉందని నా నమ్మకం. దాన్నే లెక్కతో సహా చూపించాలని ఈ ప్రయత్నం.

ఇది ఉత్పలమాల అనే వృత్తం, అంటే ప్రతి పాదంలోనూ గురులఘువుల వరస ముందే ఖాయమైన పద్యం. గణాలు, అంటే అక్షరాల గుంపులు, భ ర న భ భ ర వ. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కలవాల్సిన చోటు. గురువుకు (రెండు మాత్రల బరువైన అక్షరానికి) గ, లఘువుకు (ఒక మాత్ర తేలిక అక్షరానికి) ల అనుకుంటే పాదం ఇలా నడుస్తుంది: గలల, గలగ, లలల, గలల, గలల, గలగ, లగ. ఎనిమిది గురువులు, పన్నెండు లఘువులు. మాత్రలు కడితే 28. మీ చేతిలో గళ్ల కాగితం ఉంటే అడ్డంగా 20 గళ్లు, నిలువుగా నాలుగు వరుసలు గీసుకోండి. గడికి ఒక అక్షరం. ఒత్తు ఉన్న అక్షరాన్ని ఒత్తుతో సహా ఒకే గడిలో పెట్టండి. ఇది చేయకుండా వేళ్ల మీద లెక్కపెడితే ఎక్కడో ఒకచోట తప్పుతారు.

మొదటి పాదం వేద్దాం. న, ల్ల, ని. ‘న’ పలకడానికి హ్రస్వమే అయినా తరవాత ల్ల ఉంది కాబట్టి గురువు. ల్ల, ని లఘువులు. భగణం వచ్చింది. వాఁ, డు, ప. ‘ప’ తరవాత ద్మ ఉంది కాబట్టి అదీ గురువే, రగణం. ద్మ, న, య మూడూ లఘువులు, నగణం. నం, బు, ల భగణం. వాఁ, డు, కృ ఇంకో భగణం. పా, ర, సం రగణం. బు, పైఁ వగణం. ఇరవై గళ్లూ నిండాయి.

ఇందులో జారిపడే చోట్లు రెండు. ఒకటి ‘కృ’. కాగితం మీద అది ఒత్తులా కనబడుతుంది, దానివల్ల ముందున్న ‘డు’ గురువవుతుందని కొందరు రాస్తారు. కాదు. అది ఋకారం, అచ్చు, సంయుక్తాక్షరం కాదు. దాన్ని ఒత్తనుకుంటే భగణం ఉండాల్సినచోట తగణం (గగల) వచ్చి కూర్చుంటుంది. రెండోది అరసున్న (ఁ). ‘వాఁడు’లో అరసున్న ఉన్నా లేకపోయినా వా దీర్ఘమే కాబట్టి గణానికి నష్టం లేదు. మూడో పాదంలో ‘ఒకఁడు’ అలా కాదు. అరసున్న పలకదు, బరువు పెంచదు. దాన్ని నిండుసున్న చేసి ‘ఒకండు’ అంటే ‘కం’ గురువైపోయి నగణం కాస్తా జగణం (లగల) అవుతుంది. ఫోన్లో అరసున్న దొరకక సున్నతో సరిపెట్టేవాళ్లు ఇది గమనించాలి. దొరకకపోతే అరసున్న వదిలేసి ‘ఒకడు’ అని రాయండి, పద్యం చెడదు.

చదివేటప్పుడు వచ్చే తప్పులు వేరు. ‘మల్లియలారా’ అని, ‘లేడు గదమ్మా’ అని సాగదీస్తారు. మామూలు మాటల్లో అలాగే పిలుస్తాం కనక నోరు అటే పోతుంది. కానీ పద్యంలో ‘లార’లో ర హ్రస్వం, ‘గదమ్మ’లో మ్మ హ్రస్వం. రెండూ లఘువుల గళ్లు. సాగదీస్తే రెండుచోట్లా గలగ పోయి మూడు గురువులు వరసగా పడతాయి, పాదం కుంటుతుంది.

ఇప్పుడు ప్రాస. సినిమా పాటలకి, గజళ్లకి అలవాటుపడ్డ చెవి ప్రాసని పాదం చివర వెతుకుతుంది. ఇక్కడ చివరలు చూడండి: పైఁ, రా, నో, రే. అన్నీ దీర్ఘాలే, వాటిలో ఏ రెండూ కలవవు. తెలుగు వృత్తానికి ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరంలో. నల్ల, జల్లె, జిల్లె, మల్లి. నాలుగుచోట్లా ల్ల. ప్రాసలో అచ్చు మారవచ్చు: ల్ల, ల్లె, ల్లె, ల్లి. హల్లు మాత్రం మారకూడదు. ద్విత్వమైతే నాలుగుచోట్లా ద్విత్వమే కావాలి. దాని ముందున్న అక్షరం మొదటి పాదంలో గురువైతే అన్నిట్లో గురువే కావాలి.

ఈ నియమం పద్యానికి ఏం చేసిందో తెలియాలంటే ఒక మాట మార్చి చూడాలి. సంస్కృత భాగవతంలో గోపికలు పూలతీగల్ని అడిగే శ్లోకం ‘మాలత్యదర్శి వః కచ్చిన్మల్లికే జాతి యూథికే’ అని మొదలవుతుంది. మాలతి, మల్లిక, జాజి, యూథిక నలుగురినీ ఒకే అరశ్లోకంలో అడిగేస్తారు. తెలుగు పద్యంలో ఒక్క మల్లెనే నిలబెట్టారు. సరే, మల్లెని తీసి మాలతిని పెడదాం: ‘మాలతులార! మీ పొదలమాటున’. గణాలు చూడండి, మా-ల-తు భగణమే. యతి చూడండి, మా-మా చక్కగా కలిసింది. అర్థం చూడండి, అదీ పూలతీగే. అయినా పద్యం చచ్చిపోయింది. ఎందుకంటే రెండో అక్షరం ఒట్టి ల, ల్ల కాదు. ‘నల్ల’ అని మొదలైనప్పుడే ‘మల్లె’ రావలసి ఉంది. నల్లనివాడు, తెల్లని మల్లె. వెన్నెల రాత్రి నల్లనివాణ్ణి ఎక్కడ దాచావని తెల్లని పువ్వుని అడుగుతున్నారు. ప్రాస ఆ రెండిటినీ పాదాల మొదట్లో ఎదురెదురుగా కట్టేసింది.

యతి దగ్గరికి వద్దాం. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ పదం తెగాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి, ఆగక్కర్లేదు. ఈ పద్యంలో నాలుగు యతులూ ఇవి: న–నం, జ–స, జి–చె, మ–మా. మొదటిదీ చివరిదీ అదే హల్లుతో. మధ్యవి రెండూ మైత్రితో: చ ఛ జ ఝ శ ష స ఒక వర్గం కాబట్టి జకారానికి సకారం, చకారం చుట్టాలే. జి–చెలో అచ్చులు వేరు కదా అంటారేమో, ఇ ఈ ఎ ఏలకి చెల్లుతుంది.

అసలు విషయం, యతి ఎక్కడ పడింది? మొదటి పాదంలో ‘నయనంబుల’ అన్న మాట నడిమధ్యన. రెండో పాదంలో ‘పరిసర్పిత’ మధ్యన, పరి తరవాత. మూడో పాదంలో ‘చెల్వల’ అని కొత్త మాట మొదట. నాలుగో పాదంలో ‘మాటున’ మొదట. అంటే వాణ్ణి వర్ణిస్తున్నంతసేపూ యతి మాటల లోపల మునిగిపోయి ఉంది. చెల్వల గోడు మొదలయ్యేసరికి పైకి తేలింది. చదివేవాళ్లు పదో అక్షరం దగ్గర ఆగి ‘పద్మనయ... నంబులవాడు’ అంటే మాట ముక్కలవుతుంది. ఆగకండి. ఆగకపోయినా యతి వినబడుతుంది, దానికి వృత్తంలోనే ఏర్పాటుంది. ఉత్పలమాలలో మూడు లఘువులు వరసగా వచ్చే చోటు ఒక్కటే, ఏడు ఎనిమిది తొమ్మిది అక్షరాలు. ఆ వెంటనే పదో అక్షరం గురువు. ద్మ-న-య నం. ళి-ప-రి స(ర్). డొ-క-డు చె(ల్). పొ-ద-ల మా. మూడడుగులు పరుగెత్తి కాలు నేలకి తాటించినట్టు, బరువు సరిగ్గా యతి మీద పడుతుంది. మీరు చేయవలసిందల్లా ఆ మూడు లఘువుల్ని సాగదీయకుండా వదలడమే.

యతి కాపలా ఎంత గట్టిదో కూడా చూడండి. ‘పొదలమాటున’ని కొంతమంది ‘పొదలచాటున’ అని చదువుతుంటారు. చాటు, మాటు ఒకటే అర్థం, చా-టు-న కూడా భగణమే. కానీ మ–చా కలవదు. నోటి వాడుకలో పాఠం మారిపోయినప్పుడు ఏది కవి రాసిన మాటో పట్టుకోవడానికి యతి, ప్రాస తాళపుచెవుల్లాంటివి. అలాగే ‘చెల్వల’ బదులు ‘కన్నెల’ పెట్టండి, గణం సరిపోతుంది, జి–క మైత్రి లేదు. ‘చేడెల’ పెట్టండి, అది మాత్రం ఇముడుతుంది. అంటే యతి కవి చేతులు కట్టేయలేదు, తలుపులు కొన్ని మూసి కొన్ని తెరిచి ఉంచింది.

ఇక పునరుక్తి. ఈ పద్యం ప్రాణం అక్కడ ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు నిలుద్దాం.

వాఁడు అన్నది ఐదుసార్లు వచ్చింది. అదే మాట ఐదుసార్లు వస్తే విసుగు రావాలి, రాలేదు. మొదటి కారణం, ఏ రెండు వాఁడులూ ఒకేలా కట్టినవి కావు. నల్లని అనే విశేషణం మీద ఒక వాఁడు. కన్నులు అనే బహువచనానికి ‘ల’ చేర్చి ఇంకో వాఁడు. చల్లెడు అనే క్రియ మీద మూడోది. పొడుగాటి సంస్కృత సమాసం మీద నాలుగోది. నవ్వు రాజిల్లెడు మోము అని క్రియనీ నామాన్నీ కలిపి ఐదోది. రంగు, కన్ను, చూపులోంచి కురిసే దయ, తల మీద పింఛం, చివరికి ముఖం మీద నవ్వు. దూరం నుంచి కనబడే నలుపుతో మొదలై, ఎదుట నిలబడితే గాని కనబడని నవ్వు దాకా వచ్చింది. వెతుకుతున్నవాళ్లకి వాడు మాటల్లోనే దగ్గరవుతున్నాడు.

రెండో కారణం నిడివి. ఒక్కో వాఁడు దాకా ఎన్ని అక్షరాలో లెక్కపెట్టండి. నల్లనివాఁడు 5. పద్మనయనంబులవాఁడు 9. కృపారసంబు పైఁ జల్లెడువాఁడు 11. మౌళిపరిసర్పితపింఛమువాఁడు 12. నవ్వు రాజిల్లెడు మోమువాఁడు 10. తలుచుకున్నకొద్దీ మాట పొడుగవుతోంది, పింఛం దగ్గర శిఖరానికి వెళ్లి నవ్వు దగ్గర కాస్త దిగింది. మొత్తం 47 అక్షరాలు. ఎనభైలో సగానికి పైగా ఖర్చైపోయింది, వాక్యంలో క్రియ ఇంకా రాలేదు! ‘తెచ్చె’ వచ్చేది 58, 59 అక్షరాల్లో. ఏం జరిగిందో చెప్పడానికి ముందు ఎవరో చెప్పడంతోనే సరిపోయింది వాళ్లకి. ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషి చేసే పని కాదది, ప్రేమించిన మనిషి చేసే పని.

మూడో కారణం స్థానం. గళ్ల కాగితంలో వాఁ పడిన గడులకి రంగు వేయండి. మొదటి పాదంలో 4, 13. రెండో పాదంలో 4, 16. మూడో పాదంలో 6. అన్నీ గురుస్థానాలే, కాబట్టి ప్రతి వాఁ మీదా గొంతు నిలుస్తుంది. కానీ వరస చూడండి. నాలుగో గడిలో వాఁ రెండు పాదాల్లోనూ వచ్చింది: నల్లనివాఁడు, జల్లెడువాఁడు, ఒకదాని కింద ఒకటి అచ్చు పోసినట్టు. మూడో పాదంలోనూ అదే గడిలో వస్తుందని చెవి కాచుకుంటుంది. రాదు. అక్కడ ‘మో’ ఉంది. రెండు గడులు దాటి ఆరో దాంట్లో వచ్చింది, వచ్చీ రాగానే ‘ఒకఁడు’తో సంధి కలిసి ‘వాఁడొకఁడు’ అయిపోయింది. మొదటి నాలుగు వాఁడులకీ చివరి ఉకారం నిలిచింది. ఐదోదానికి అది కూడా లేదు. అంతసేపు ఇంత వివరంగా చెప్పి చివరికి ‘ఒకఁడు’ అన్నారు, ఎవరో తెలియనట్టు. ఆ ఒకఁడు సరిగ్గా మూడు లఘువుల పరుగులో పడింది. పేరు పలకడానికి సిగ్గుపడి గబగబా దాటేసిన మాటలా వినిపిస్తుంది నాకు.

ఇప్పుడు నాలుగో పాదం. అక్కడ వాఁడు లేదు. లేఁడు ఉంది. ‘లేఁడు’ ఏ గడిలో పడిందో చూడండి. మ, ల్లి, య, లా, ర, మీ, పొ, ద, ల, మా, టు, న... లే. పదమూడు. డు పద్నాలుగు. పైకి వెళ్లండి, మొదటి పాదంలో పదమూడు, పద్నాలుగు గడుల్లో ఏముంది? ‘పద్మనయనంబులవాఁడు’లోని వాఁడు. అదే బరువు, అదే డు, అదే స్థానం. వాఁడు ఉన్నచోట లేఁడు. ఇది కవి వేళ్ల మీద లెక్కపెట్టి పెట్టాడని నేను అనను. ఛందస్సు చెవిలో ఇమిడిపోయిన కవికి అలాంటి లెక్క అక్కర్లేదు. కానీ మన చెవికి ఆ వెలితి అందేది ఆ గడి వల్లనే. ఐదుసార్లు వాఁడు వాఁడు అని అలవాటుపడ్డ చోట ‘లేఁడు’ అని వినగానే ఏదో జారినట్టవుతుంది.

అదే పాదంలో భాష కూడా ఎలా మారిందో గమనించండి. మొదటి మూడు పాదాల్లో పద్మనయనాలు, కృపారసం, మౌళిపరిసర్పితపింఛం, మానధనం ఉన్నాయి. నాలుగో పాదంలో ఒక్క సంస్కృత సమాసం కూడా లేదు. మల్లియ, పొద, మాటు, లేఁడు, అమ్మ, చెప్పు, అన్నీ పెరట్లో నిలబడి పక్కింటావిడని అడిగే మాటలు. ‘ఉన్నాడా’ అని అడగలేదు, ‘లేఁడుగదమ్మ’ అన్నారు. ఉన్నాడని అనుమానం ఉన్నప్పుడే మనం అలా అడుగుతాం. పైగా మల్లియ, మీ, మాటున, అమ్మ: మకారం నాలుగుసార్లు, ప్రతిసారీ పెదవులు మూసుకుంటాయి. గొంతు దానంతటదే తగ్గుతుంది.

పైకి చదవడం ఎలాగన్నది చాలామంది అడిగే సంగతి. ఈ పద్యంలో పాదం చివర ఎక్కడా వాక్యం ఆగదు. ‘పైఁ – జల్లెడు’ కలిపి చదవాలి. ‘రా – జిల్లెడు’ ఒకే మాట. పాదం అయిందని ‘నవ్వు రా’ దగ్గర ఆగితే నవ్వుని రమ్మని పిలిచినట్టుంటుంది. ‘తెచ్చెన్’, ‘ఓ మల్లియలార’ కలిసి ‘తెచ్చెనో’ అయింది. అచ్చులో ‘తెచ్చె నో’ అని ఖాళీ ఇచ్చినా గొంతులో ఖాళీ ఇవ్వకండి. ఆ ఓ మీద కాస్త నిలిచి మల్లియల మీదికి దిగండి. ఇరవయ్యో అక్షరం గురువు కాబట్టి నిలవడానికి చోటుంది. మరి ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? ప్రతి వాఁడు తరవాత. మొదటి పాదంలో 5, 14 అక్షరాల దగ్గర, రెండో పాదంలో 5, 17 దగ్గర. ఐదో వాఁడు దగ్గర సంధి ఉంది కాబట్టి ఊపిరి దొరకదు, ‘ఒకఁడు’ దాటి తొమ్మిదో అక్షరం దాకా వెళ్లాల్సిందే. ఆ చిన్న ఉక్కిరిబిక్కిరి ఆ సందర్భానికి తగినదే, దాన్ని సర్దేయకండి.

చివరగా దీని దగ్గరే ఉన్న సీసపద్యాన్ని పక్కన పెట్టి చూడండి, పునరుక్తి ఎన్ని రకాలో తెలుస్తుంది. ‘పున్నాగ కానవే పున్నాగవందితుఁ, దిలకంబ కానవే తిలకనిటలు’ అని సాగుతుంది. ఇక్కడ తిరిగి తిరిగి వచ్చేది ‘కానవే’. పదకొండుసార్లు వస్తుంది. కానీ అది వాఁడులా అటూ ఇటూ తిరగదు. సీసంలో ఎనిమిది సగం పాదాల్లోనూ రెండో గణం కానవే. త, ర, త, భ గణాలు: పున్నాగ, కానవే, పున్నాగ, వందితు. ర గణం ఎప్పుడూ కానవేదే. సీసం చివర వచ్చే తేటగీతి అనే చిన్న పద్యంలో మూడు పాదాల్లో అది మూడో గణానికి మారుతుంది: ‘ఇంద్రభూజమ కానవే యింద్రవిభవు’. సీసపాదంలో ప్రతి సగంలోనూ మొదటి గణానికీ మూడో గణానికీ యతి కలవాలి. ఇక్కడ చెట్టు పేరే కృష్ణుడి విశేషణంలో మళ్లీ వస్తోంది కాబట్టి యతి వెతుక్కోనక్కర్లేకుండా దానంతటదే కుదిరింది, పున్నాగ–పున్నాగ, తిలక–తిలక. ఒక చెట్టు దగ్గర ఆగి, అడిగి, పక్క చెట్టుకి నడిచిన అడుగుల లెక్క అది. ఉత్పలమాలలో ఒకే పొద ముందు నిలబడిపోయారు, అందుకే అక్కడ మాట తిరిగింది. సీసంలో మనుషులు తిరుగుతున్నారు, మాట ఒకేచోట ఉంది. తేటగీతి చివరి పాదంలో కానవే లేదు: ‘ననుచుఁ గృష్ణుని వెదకి ర య్యబ్జముఖులు’. గోపికల గొంతు ఆగి కథ చెప్పే గొంతు వచ్చింది.

మీ కాగితాల మీద ఉత్పలమాల గళ్ల కిందనే ఈ సీసానికి కూడా గణాలు విడదీసి, కానవే ఉన్న గణాలకి అదే రంగు వేయండి. ఆ తరవాత రెండూ కలిపి ఒకసారి పైకి చదువుదాం.